పదకొండు ప్రశ్నలకు ఒకే జవాబు

నేను జీవిత బీమా ఏజెంటుగా తొమ్మిదిన్నర ఏళ్ళు పనిచేశాను. తొంభైల చివర్లో మొదలుపెట్టాను, ముప్పై మూడో ఏట మానేశాను. ఇప్పుడు పరుచూరులో మోటార్లకు వైండింగు చేస్తున్నాను. పాలిటెక్నిక్‌లో చదివింది ఎలక్ట్రికల్ డిప్లొమాయే కనుక ఇది నేను మొదటే చేయవలసిన పని.

కొత్తగా ఏజెన్సీ తీసుకునేవాళ్ళు ఇప్పటికీ నా దగ్గరకు వస్తుంటారు. ముందు ఎవరిని కలవాలి, ఏం మాట్లాడాలి, ఏ పాలసీ తేలిగ్గా పోతుంది అని అడుగుతారు. అవి చెప్పడానికి నాకంటే గట్టివాళ్ళు ప్రతి ఊళ్ళోనూ ఉన్నారు. కమిషను ఎంత, బహుమతులు ఎలా వస్తాయి అన్నవి కూడా నేను రాయను. ఏజెంటు చేతిలో నిజంగా ఏముంటుందో రాస్తాను. అది తెలియడానికి నాకు ఒక మనిషి చావు, రెండు ఉత్తరాలు కావలసి వచ్చాయి.

మొదటి ఏడాది

డిప్లొమా అయ్యాక రెండేళ్ళు ఖాళీగా ఉన్నాను. ఆ రెండేళ్ళలోనే మా వైపు పత్తి దెబ్బతింది. పచ్చపురుగు ఏ మందుకూ లొంగలేదు. వారానికి రెండుసార్లు కొట్టినా కాయలో పురుగు కాయలోనే ఉండేది. అదే మందు తాగి మా మండలంలోనే ఎంతోమంది పోయారు. ఆ ఊరిలో ఫలానావాడట, ఈ ఊరిలో ఫలానావాడట అని బస్సులో వినని రోజు ఉండేది కాదు. అలాంటి కాలంలో నన్ను బీమా అమ్మమన్నారు.

నన్ను చేర్చుకున్నది డెవలప్‌మెంట్ ఆఫీసరు ప్రసాదరావు గారు. ఏజెంట్లను తయారుచేయడం, వాళ్ళ చేత పాలసీలు చేయించడం ఆయన ఉద్యోగం. బక్కపల్చటి మనిషి, ఎప్పుడూ తెల్ల చొక్కా, పాత స్కూటరు. ఏ ఊళ్ళో ఏ రైతు ఎవరి మాట వింటాడో ఆయనకు నోటికి వచ్చు. నాకు మొదట నేర్పింది ఇది:

"శేషగిరీ, చావు అన్న మాట నీ నోట రాకూడదు. పిల్లల చదువు, ముసలితనం, ఆపద. ఈ మూడే నీ మాటలు. ఆపద అంటే ఏమిటో వాళ్ళకు తెలుసు, నువ్వు విప్పి చెప్పక్కర్లేదు."

ఆయన చెడ్డ మనిషి అని నేను అనను. నాకు తిండి పెట్టే పని చూపించాడు. కానీ ఏం అడగకూడదో ఆయన నేర్పినంత బాగా, ఏం అడిగి తీరాలో నాకు ఎవరూ నేర్పలేదు.

నాకు ఏ పనికైనా జాబితా ఉండాలి. ఒక పొడుగు నోటుబుక్కులో నాకు తెలిసిన నూట నలభై మంది పేర్లు రాశాను. ఒక్కో పేరు ఎదురుగా నాలుగు గడులు: పొలం ఎంత, పంట ఏమిటి, పిల్లలు ఎందరు, ఎవరి మాట వింటాడు. మూడు నెలలు తిరిగితే ఆ నూట నలభైలో సంతకం పెట్టింది ఇద్దరు, ఇద్దరూ మా మేనమామలు. మా ఊరి టీ కొట్టు బల్ల మీద ఎప్పుడూ కనిపించే మస్తాన్‌రావు బాబాయ్ నన్ను చూడగానే అరిచేవాడు.

"ఒరేయ్ శేషూ! కరెంటు పని చదివి చావుల పని పట్టావేంటిరా?"

"ఆపద పని బాబాయ్."

"నువ్వొస్తున్నావంటేనే మాకు ఆపద. ముందు టీ తాగు, మాట తర్వాత."

రెండో ఏడాది సాంబయ్య పోయాడు. చీమకుర్తి క్వారీల నుంచి గ్రానైటు రాళ్ళు తోలే లారీ డ్రైవరు. రోడ్డు ప్రమాదం. నా దగ్గర చిన్న పాలసీ ఉంది. కాగితాలన్నీ సరిగ్గా ఉన్నాయి, ప్రమాదం కనుక విచారణ తేలిగ్గా తేలింది, చెక్కు తొందరగానే వచ్చింది. దాన్ని ప్రసాదరావు గారు ఊరి నడిమధ్యన, జనం చూస్తుండగా, సాంబయ్య తల్లి చేతిలో పెట్టారు. ఫొటో తీయించారు. ఆమె ఏడుస్తూ ఉంటే పక్కన నేను తలదువ్వుకుని నిలబడి ఉన్నాను.

ఆ తర్వాత నన్ను ఇళ్ళకు పిలవడం మొదలైంది. మస్తాన్‌రావు బాబాయ్ కూడా సంతకం పెట్టాడు. రెండేళ్ళలో మా ఊళ్ళో పాలసీ లేని ఇళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని మిగిలాయి. మీకూ మొదటి చెక్కు తరువాత ఇలాగే జరుగుతుంది. ఆ రోజు నుంచి జనం మిమ్మల్ని ఏమీ అడగరు. ఈ పనిలో అంతకంటే ప్రమాదమైన రోజు ఇంకోటి లేదు.

ఫారం నింపే పద్ధతి

పాలసీ కావాలంటే ముందు దరఖాస్తు ఫారం నింపాలి. అందులో ఆరోగ్యం గురించి పదకొండు ప్రశ్నలు ఉండేవి. గుండె జబ్బు ఉందా, క్షయ ఉందా, మూర్ఛ ఉందా, కాలేయం సంగతేమిటి, గత అయిదేళ్ళలో ఎప్పుడైనా ఆసుపత్రిలో చేరారా. ఇలా పదకొండు. ఒక మొత్తం దాటని పాలసీలకు డాక్టరు పరీక్ష ఉండదు. ఆ పదకొండు జవాబులే పరీక్ష. ఫారం ఇంగ్లీషులో ఉంటుంది, మా రైతులకు ఇంగ్లీషు రాదు. అంటే ప్రశ్న చదివేదీ జవాబు రాసేదీ ఏజెంటే. రైతు చేసేది సంతకం.

మా వైపు పాలసీ సంతకం శుభకార్యం లాంటిది. పంచాంగం చూస్తారు. రాహుకాలం దాటేదాకా ఆగమంటారు. కాగితం మూలకు పసుపు రాస్తారు. అక్కడ కూర్చుని "మీకు క్షయ ఉందా?" అని అడిగితే ఏమవుతుందో నేను మొదటి నెలలోనే చూశాను. ఒక ఇంట్లో ముసలమ్మ చేట పక్కన పడేసి లేచింది.

"శుభమా అని సంతకం పెడుతుంటే రోగాలూ రొష్టులూ ఎత్తుతావేంటయ్యా? ఇంకోసారి అన్నావంటే కాగితం పొయ్యిలో పెడతా."

కొందరు ఇందుకు పూర్తిగా ఎదురు. ఒక ప్రశ్న అడిగితే పదేళ్ళ కింద ఎద్దు కుమ్మిన దగ్గర నుంచి మొదలుపెట్టి, నిన్నటి పంటి నొప్పి దాకా చెప్పేవారు. ఒక్కో ఇంట్లో నలభై నిమిషాలు పట్టేది. అందులో ముప్పై ఈ పదకొండు ప్రశ్నలకే పోయేవి.

నేను చదువుకున్న చదువు ప్రకారం, వృథా ఎక్కడుందో కనిపెడితే తీసేయాలి. తీసేశాను. ఆదివారం పొద్దున్నే పది ఫారాలు ముందు పెట్టుకుని, ఇంజనీరింగ్ డ్రాయింగులో నేర్పిన అక్షరాలతో, నల్ల సిరాతో, పదకొండు గడుల్లోనూ 'లేదు' అని ఇంగ్లీషులో రాసి పెట్టుకునేవాణ్ణి. రైతు ఇంట్లో రాయవలసింది పేరు, వయసు, నామినీ పేరు. మొత్తం పది నిమిషాలు. ఎవరి మనసూ నొవ్వదు, ఏ ముసలమ్మా లేవదు.

ఏజెంట్ల మీటింగులో ప్రసాదరావు గారు నా ఫారం ఒకటి ఎత్తి చూపించారు.

"చూడండయ్యా, అచ్చు వేసినట్టుంది. ఒక కొట్టివేత లేదు. డిప్లొమా చదువంటే ఇదీ."

కొట్టివేత ఎందుకు లేదో ఎవరూ అడగలేదు. మిగతావాళ్ళు కూడా అడక్కుండానే రాసేవారు. వాళ్ళు సంతకం అయ్యాక, స్కూటరు సీటు మీద పెట్టుకుని రాసేవారు. నేను ముందే రాసేవాణ్ణి. తేడా అంతే. ఫారంతో పాటు ఏజెంటు సొంతంగా ఒక నివేదిక ఇవ్వాలి. ఈ మనిషి ఆరోగ్యం గురించి నేను స్వయంగా విచారించాను అని అందులో ఉంటుంది. దాని కింద ప్రతిసారీ సంతకం పెట్టాను. ఎన్నిసార్లు పెట్టానో నా నోటుబుక్కు చూసి చెప్పగలను.

వెంకటేశ్వర్లు బాబాయ్

వెంకటేశ్వర్లు బాబాయ్‌కి సొంత పొలం ఎకరంన్నర, కౌలుకు నాలుగు ఎకరాలు. పత్తి వదిలేసి మిరప వేసిన మొదటివాళ్ళలో ఆయన ఒకడు. చుట్టం కాదు గానీ మా నాన్నకు నాగలి సాయం వెళ్ళినవాడు, అందుకని బాబాయ్. ఆయన భార్య రమణమ్మ పిన్ని. సాంబయ్య చెక్కు ఇచ్చిన రోజు జనంలో నిలబడి చూసింది ఆమే. ఆమే ఆయన్ను ఒప్పించింది.

మార్చి నెలాఖరు. మా కంపెనీకి ఏడాది లెక్క అప్పటితో ముగుస్తుంది, ఇంకా నాలుగు రోజులే ఉన్నాయి. పొద్దున తొమ్మిదిన్నరకు వాళ్ళింటికి వెళ్ళాను. పదిన్నరకు రాహుకాలం. మిరపకాయ కల్లంలో ఆరుతోంది, ఇల్లంతా ఘాటు, ముగ్గురం దగ్గుతూనే ఉన్నాం. పేరు రాశాను, వయసు రాశాను, నామినీగా రమణమ్మ పేరు రాశాను. పెన్ను ఆయన చేతికిచ్చాను.

"శేషూ, ఒక్క మాట," అన్నాడు. "ముందటేడు నాకు కామెర్లు ముదిరినయ్యి, తెలుసుగా? పసరు పోయించుకుంటే తగ్గలా. గుంటూరు తీసుకెళ్తే తొమ్మిది రోజులు మంచం మీదున్నా. అది రాయాలేమో?"

"రాయి అబ్బాయ్," అంది పిన్ని. "రేపు మళ్ళీ ఏదన్నా అంటారేమో."

నేను ఫారం చూశాను. కాలేయం ప్రశ్న ఎదురుగా 'లేదు'. ఆసుపత్రి ప్రశ్న ఎదురుగా 'లేదు'. సంచిలో ఇంకో ఫారం లేదు. ఈ సంగతి రాస్తే కంపెనీ పాత కాగితాలు అడుగుతుంది, డాక్టరు పరీక్ష అడుగుతుంది, మార్చి దాటుతుంది. ఇవన్నీ నా బుర్రలో వరసగా వచ్చాయి. ఆయన కాలేయం ఆ వరసలో లేదు.

"తగ్గిపోయింది కదా బాబాయ్," అన్నాను. "తగ్గిన జబ్బు జబ్బు కాదు. అక్కర్లేదులే."

"చదువుకున్నోడివి. నీకు తెలుసుద్ది," అని సంతకం పెట్టాడు. ఒక్కో అక్షరం ఆగి ఆగి రాశాడు. పిన్ని పసుపు తెచ్చి మూలకు రాసింది.

ఇరవై నెలల తర్వాత ఆయన పొట్ట ఉబ్బింది. గుంటూరులో ఆరు రోజులు ఉంచారు, ఏడో రోజు శవాన్ని తెచ్చారు. కాలేయం పూర్తిగా పోయిందన్నారు.

'గుర్తు లేదు సార్'

పాలసీ తీసుకున్న రెండేళ్ళలోపు మనిషి పోతే కంపెనీ విచారణ చేస్తుంది. అది న్యాయమే. పైగా మా ప్రాంతంలో నలభై రెండేళ్ళ రైతు పోయాడంటే మొదట వచ్చే మాట మందు తాగాడనే. విచారణకు ఒంగోలు నుంచి వచ్చిన ఆఫీసరు ముందు ఆ అనుమానంతోనే వచ్చాడు. ఆసుపత్రి కాగితాలు చూశాక ఆ అనుమానం పోయింది, ఇంకోటి వచ్చింది. బాబాయ్‌ను ఆసుపత్రిలో చేర్చుకున్న రోజు, ముందెప్పుడైనా ఇలా అయిందా అని డాక్టరు అడిగితే, పిన్ని దాచకుండా చెప్పింది. డాక్టరు కేసు షీటులో రాశాడు: ఇన్నేళ్ళ కింద కామెర్లు, తొమ్మిది రోజులు ఆసుపత్రిలో. మొగుడు బతకాలని చెప్పిన మాట అది.

ఆఫీసరు మర్యాదస్థుడు. వాళ్ళ వసారాలో కూర్చుని, నా ఫారం ఒళ్ళో పెట్టుకుని అడిగాడు.

"అమ్మా, జబ్బు సంగతి ఇందులో ఎందుకు రాయలేదు?"

"చెప్పామండి. ఈ అబ్బాయికే చెప్పాం. ఇదిగో, ఇంత దూరంలో కూర్చుని చెప్పాం."

ఆయన నా వైపు తిరిగాడు. "ఏమండీ ఏజెంటు గారూ, చెప్పారా?"

"గుర్తు లేదు సార్," అన్నాను.

పిన్ని నా మొహంలోకి చూసింది. ఆమెకు కోపం రాలేదు. నాకు నిజంగానే గుర్తు లేదేమో అనుకుని గుర్తు చేయబోయింది. "అదే అబ్బాయ్, కల్లంలో కాయ ఆరతా ఉంది, నువ్వు దగ్గుతుంటే మంచినీళ్ళిచ్చా చూడు..."

"రాతపూర్వకంగా ఇవ్వండి," అన్నాడు ఆఫీసరు నాతో.

రాసే ముందు ప్రసాదరావు గారి దగ్గరకు వెళ్ళాను. ఆయన తలుపు వేశాడు.

"చెప్పాడని రాశావనుకో, నీ ఏజెన్సీ పోతుంది. ఆమెకూ డబ్బు రాదు, సంతకం ఆయనది కాబట్టి. చెప్పలేదని రాశావనుకో, ఆమెకు ఎలాగూ రాదు, నీ ఏజెన్సీ మిగులుతుంది. ఇందులో ఆలోచించడానికి ఏముందయ్యా?"

"ఆమె అక్కడే ఉంది సార్."

"ఉంటే? ఆమె నామినీ. నామినీ ఏమైనా చెబుతుంది."

ఆయన చెప్పింది రెండు వరసల పట్టికలాగా ఉంది. ఏ గడిలోనూ తప్పు కనబడలేదు. అయిదు లైన్లు రాసిచ్చాను. తన అనారోగ్యం గురించి దరఖాస్తుదారుడు నాకు తెలియజేయలేదు. కింద సంతకం, తేదీ.

మూడు నెలలకు కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది. ఇంగ్లీషులో. పిన్ని దాన్ని చదివించుకోవడానికి తెచ్చింది నా దగ్గరకే. ఊళ్ళో ఇంగ్లీషు వచ్చినవాణ్ణి నేనే మరి. మా ఇంటి అరుగు మీద కూర్చుని, వేలు పెట్టి, లైను లైనుకూ తెలుగు చెప్పాను. నాలుగో పేరా వచ్చేసరికి వేలు అయిదో పేరాకు జరిపాను.

"ఆ మధ్యలోది చదవలా," అంది ఆమె.

"అది మామూలేలే పిన్నీ."

"ఏదో ఒకటి ఉండబట్టేగా రాశారు. చదువు."

చదివాను. అనారోగ్యం గురించి మృతుడు తమకు తెలియజేయలేదని ఏజెంటు కూడా లిఖితపూర్వకంగా ధ్రువీకరించారు. ఆమె ఉత్తరం తీసుకుంది, మడతలు ఎక్కడున్నాయో అక్కడే మళ్ళీ మడిచింది, కొంగులో పెట్టుకుంది, వెళ్ళిపోయింది. తిట్టి ఉంటే బాగుండేది.

రెండో ఉత్తరం

ఏజెన్సీ మిగిలింది. పాలసీలు కూడా తగ్గలేదు. వెంకటేశ్వర్లు జబ్బు దాచి సంతకం పెట్టాడట, కంపెనీ పట్టుకుందట అని ఊరంతా అనుకున్నారు. పెళ్ళాం కూడా కలిసిందట అన్నారు. ఆమె కౌలు పొలం వదిలేసి కోల్డు స్టోరేజీలో మిరపకాయల తొడిమలు తీసే పనికి వెళ్ళేది. తోటి ఆడవాళ్ళే మొహం మీద అనేవారని తర్వాత విన్నాను. "కంపెనీ వాళ్ళకే టోపీ పెట్టబోయావంటగా రమణమ్మా?" ఇదంతా నేను ఏడాది పాటు వింటూ, మాట్లాడకుండా, ఇళ్ళకు తిరుగుతూ ఉన్నాను. చదివేవాళ్ళు దీన్ని ఏ పేరుతో పిలుస్తారో నాకు తెలుసు. ఆ పేరు సరైనదే.

తరువాతి మార్చిలో పక్క ఊళ్ళో ఒకాయన, పెన్ను చేతిలోకి తీసుకుని, "ఒక్క మాటండీ," అన్నాడు. ఏం చెప్పబోతున్నాడో నాకు తెలియదు. అంతదాకా వినలేదు. ఫారం ఆయన చేతిలో నుంచి లాక్కుని, మళ్ళీ వస్తానని చెప్పి బయటపడ్డాను. ఆ వారమే కంపెనీకి నా రెండో ఉత్తరం రాశాను. వెంకటేశ్వర్లు తన జబ్బు సంగతి చెప్పాడు, భార్య కూడా రాయమంది, అక్కర్లేదని నేనే అన్నాను, పదకొండు జవాబులూ నేను ఇంటి దగ్గరే ముందుగా రాసుకొచ్చినవి. పిన్ని చేత పునఃపరిశీలనకు అర్జీ పెట్టించి, దానికి ఇది జతచేశాను.

ఇద్దర్నీ ఒంగోలు రమ్మన్నారు. బల్లకు అవతల ముగ్గురు. మధ్యలో ఉన్న పెద్దాయన నా ఉత్తరాలు రెండూ పక్కపక్కన పెట్టుకున్నాడు.

"మొదటి దాంట్లో చెప్పలేదన్నారు. రెండో దాంట్లో చెప్పాడన్నారు. దేన్ని నమ్మమంటారు?"

"రెండోది సార్."

"మొదటిదాని కింద సంతకం మీదేనా?"

"నాదే."

"అది ఇచ్చిన రోజు కూడా నమ్మమనే ఇచ్చారు కదా?"

రెండు రకాలుగా చెప్పిన సాక్షి మాట లెక్కలోకి తీసుకోలేమన్నారు. అర్జీ కొట్టేశారు. వాళ్ళ మీద నాకు కోపం లేదు, వాళ్ళ స్థానంలో ఉంటే నేనూ అదే చేసేవాణ్ణి. మొదటిసారే నిజం రాసి ఉంటే డబ్బు వచ్చేదా? చెప్పలేను. సంతకం ఆయనదే కనుక రాకపోయి ఉండవచ్చు. కానీ ఆమె పక్షాన ఒక సాక్షి ఉండేవాడు. ప్రసాదరావు గారి పట్టికలో లేని గడి అదొక్కటే.

కొత్తగా చేరేవాళ్ళకు నేను చెప్పగలిగింది ఇక్కడ చెబుతాను. ఫారం ఖాళీగా తీసుకెళ్ళండి. సంతకానికి మంచిరోజు చూసుకోనివ్వండి, ప్రశ్నలకు మాత్రం అంతకు ముందురోజు వెళ్ళండి. ముందురోజు ఎవరికీ అపశకునం కాదు. మగాళ్ళు మరిచిపోయినవి ఆడవాళ్ళు చెబుతారు, వాళ్ళను కూర్చోబెట్టి అడగండి. ఎద్దు కుమ్మిన కథ వినండి. ఆ ముప్పై నిమిషాలే మీ ఉద్యోగం, మిగతాదంతా నడక. ఎవరైనా "ఒక్క మాట" అంటే పెన్ను మూసి వినండి. జబ్బు ఉందని రాస్తే పాలసీ రాకపోవచ్చు, కట్టే ప్రీమియం ఎక్కువ పడవచ్చు. అది అప్పుడే తెలియడం మంచిది. మనిషి బతికి ఉన్నప్పుడు తెలిస్తే అది నష్టం. పోయాక తెలిస్తే అతను దొంగ.

బల్ల దగ్గర

ఒంగోలు నుంచి ఇద్దరం ఒకే బస్సులో వచ్చాం. ఆమె కిటికీ పక్కన, నేను ఎదురు సీట్లో. అద్దంకి దాటాక ఆమె నా వైపు తిరిగింది.

"ఇంక ఎక్కడైనా అడగొచ్చా?" అంది.

"కోర్టుకు వెళ్ళొచ్చు పిన్నీ. అక్కడ కూడా నా మొదటి ఉత్తరమే అడ్డమొస్తుంది."

"అయితే డబ్బు సంగతి వదిలెయ్. మీ బాబాయ్ చెప్పాడు. నేను రాయమన్నా. నువ్వు అక్కర్లేదన్నావు. అవునా?"

"అవును."

"ఆ ముగ్గురికీ చెప్పావుగా. మనూళ్ళో చెప్పు. ఆయన అబద్ధం రాసి పోయాడంటున్నారు. వాళ్ళకి ఉత్తరాలు గిత్తరాలు అక్కర్లేదు. నోటితో చెప్తే చాలు."

మరునాడు పొద్దున్నే టీ కొట్టు దగ్గరకు వెళ్ళాను. ఏజెన్సీ రద్దు చేస్తూ కంపెనీ నుంచి కాగితం తర్వాత రెండు నెలలకు వచ్చింది గానీ, నా ఏజెన్సీ ముగిసింది ఆ పొద్దునే. బల్ల మీద మస్తాన్‌రావు బాబాయ్, ఇంకో ఏడెనిమిది మంది. అందరూ నా దగ్గర పాలసీ ఉన్నవాళ్ళే. పిన్ని రోడ్డుకు అవతల, కోల్డు స్టోరేజీ ఆటో కోసం నిలబడి ఉంది.

"ఏరా, ఒంగోలు పోయొచ్చావంట? ఏమన్నారు?" అన్నాడు మస్తాన్‌రావు బాబాయ్.

చెప్పాను. వెంకటేశ్వర్లు బాబాయ్ ఏమీ దాచలేదని చెప్పాను. ఆయన రాయమన్నాడని, నేనే వద్దన్నానని, ఫారంలో జవాబులన్నీ వెళ్ళకముందే రాసుకున్నానని, ఆ తర్వాత చెప్పలేదని అబద్ధం రాసిచ్చానని చెప్పాను. ఎవరో తిట్టారు. ఎవరో "పాపం రమణమ్మ" అన్నారు. ఆటో వచ్చింది. పిన్ని నా వైపు ఒకసారి చూసి, తల మీద కొంగు సర్దుకుని ఎక్కింది.

ఆటో వెళ్ళిపోయాక మస్తాన్‌రావు బాబాయ్ గ్లాసు కింద పెట్టాడు. అతని గొంతులో ఎప్పుడూ ఉండే వెటకారం లేదు.

"శేషూ. నా ఫారం కూడా అట్టాగే రాశావా?"

"అట్టాగే బాబాయ్."

"మూర్ఛ గురించి ఉంటదా అందులో?"

"ఉంటుంది."

"ఏం రాశావు?"

"లేదని."

అతను బల్ల మీద ఉన్నవాళ్ళ వైపు చూడలేదు. నా వైపూ చూడలేదు. ఊళ్ళో ఎవరికీ తెలియని సంగతి అది. తన పెళ్ళానికీ, పోయిన తల్లికీ తప్ప తెలియదని తరువాత చెప్పాడు. అంతమంది ముందు, మెల్లగా అన్నాడు.

"నాకు ఉందిరా."